వెనకొచ్చేవాడికి వెలుగు

కారుకి కొత్త టెయిల్ లైట్లు బిగించడం గంట పని. ఆ గంటలో జరిగే పనంతా డిక్కీ ప్లాస్టిక్ వెనక, రేకు వెనక, టేపు చుట్టిన వైర్ల మధ్య జరుగుతుంది. చూడాల్సింది అక్కడే.

కారులో మిగతా వస్తువులన్నీ లోపల కూర్చున్నవాళ్ళ కోసం. సీట్లు, ఏసీ, పాటల పెట్టె, చివరికి హెడ్‌లైట్లు కూడా. టెయిల్ లైట్లు మాత్రం పూర్తిగా పరాయివాళ్ళ కోసం. బ్రేకు మీద కాలు పడిన క్షణంలో మన కళ్ళు ముందు అడ్డమొచ్చిన ఆటో మీదో, రోడ్డు దాటుతున్న గేదె మీదో ఉంటాయి. వెనక ఎర్రగా వెలిగిందో లేదో మనకి కనిపించదు. అది కనిపించేది వెనక వస్తున్న ముక్కూమొహం తెలియని మనిషికి. అతను ఎంత త్వరగా తన బ్రేకు నొక్కుతాడన్నది ఆ వెలుగు మీద ఆధారపడి ఉంటుంది. మన దేశంలో ఏటా జరిగే రోడ్డు ప్రమాదాల్లో దాదాపు అయిదో వంతు వెనక నుంచి గుద్దుకున్నవేనని కేంద్ర రవాణా శాఖ వార్షిక నివేదికలు చూస్తే తెలుస్తుంది.

సికింద్రాబాద్ రాణిగంజ్‌కి వెళ్ళినా, విజయవాడ ఆటోనగర్‌కి వెళ్ళినా యాక్సెసరీల దుకాణాల్లో ఈ దీపాలు వరసగా వేలాడుతుంటాయి. పాత స్విఫ్ట్‌కి, బాలెనోకి, థార్‌కి, క్రెటాకి వేర్వేరుగా. దుకాణదారు ఒక చిన్న అడాప్టర్‌కి తగిలించి వెలిగించి చూపిస్తాడు. ఎర్ర గీత పాములా పాకుతుంది, ఇండికేటర్ ఒక కొసన మొదలై ఇంకో కొసకి పరుగెడుతుంది. కొనేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, "అన్నా, వైరు కట్ చెయ్యకుండా ఫిట్టవుతుందా?" మంచి ప్రశ్నే. రెండో ప్రశ్న ఎవరూ అడగరు. మిట్టమధ్యాహ్నం ఎండలో, యాభై మీటర్ల వెనక ఉన్నవాడికి ఇందులో బ్రేకు లైటు విడిగా తెలుస్తుందా?

ఈ కథనం ఆ రెండో ప్రశ్న గురించి.

ఒకే బల్బులో రెండు తీగలు

పాత టెయిల్ లైటు విప్పి హోల్డర్ తిప్పితే బయటికొచ్చే బల్బు మీద 'పి21/5డబ్ల్యు' అని సన్న అక్షరాలుంటాయి. గాజు లోపల రెండు ఫిలమెంట్లు. 5 వాట్లది పార్కింగ్ లైటు వేసినప్పుడు వెలుగుతుంది, 21 వాట్లది బ్రేకు నొక్కినప్పుడు. ఇత్తడి అడుగున ఇరుపక్కలా ఉండే పిన్నులు ఒకే ఎత్తులో ఉండవు, ఒకటి పైకి, ఒకటి కిందికి. బల్బును తిరగేసి పెట్టడానికి వీల్లేకుండా చేసిన ఏర్పాటది. తిరగబడితే రాత్రంతా బ్రేకు లైటు వెలుగుతూ, బ్రేకు నొక్కినప్పుడు గుడ్డిగా మెరుస్తుంది. చిన్న పిన్నుకి అంత ఆలోచన పెట్టిన ఇంజనీర్లకి దండం పెట్టాలి.

ఆ రెండు వెలుగుల మధ్య తేడానే ఈ దీపానికి ప్రాణం. రెండూ ఎరుపే, రెండూ ఒకే గూట్లో. రాత్రిపూట వెనకవాడికి "ఇక్కడొక బండి ఉంది" అన్న మాటకీ "ఇది ఆగుతోంది" అన్న మాటకీ తేడా కాంతిలోనే తెలియాలి. అందుకే అమెరికా నిబంధనలూ, ఐరోపా దేశాల నిబంధనలూ టెయిల్, బ్రేకు కలిసి ఉన్న దీపంలో బ్రేకు వెలుగు టెయిల్ వెలుగు కంటే దాదాపు అయిదు రెట్లయినా ఉండాలంటాయి. చౌక ఎల్‌ఈడీ దీపాల్లో చాలావాటికి మొదటి లోపం ఇక్కడే. దుకాణంలో అందంగా కనబడాలని టెయిల్ లైటునే భగభగా మండేలా చేస్తారు. ఇక బ్రేకు నొక్కినప్పుడు పెరగడానికి మిగిలేది తక్కువ. విడిగా చూస్తే దీపం దేదీప్యమానం, రోడ్డు మీద మాత్రం మూగది.

కొనేముందు దుకాణంలోనే చేయదగిన పరీక్ష ఒకటుంది. టెయిల్ వైరుకి కరెంటు ఇచ్చి, దీపాన్ని బయట ఎండలోకి తీసుకెళ్ళి, నలభై యాభై అడుగులు వెనక్కి నడిచి నిలబడండి. ఇంకొకరిని బ్రేకు వైరు తాకించి తీయమనండి. చూపు కొంచెం పక్కకి తిప్పి ఉన్నప్పుడు కూడా ఆ మార్పు తెలిస్తే కొనండి. తేరిపార చూస్తే గానీ తెలియకపోతే ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు.

343 టాక్సీలు

వెనక దీపాన్ని బయటి నుంచి తెచ్చి బిగించడం వల్ల ఎంత మేలు జరగగలదో చూపించిన ఉదంతం 1974లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంది. జాన్ వోవోడ్‌స్కీ మనస్తత్వ శాస్త్రవేత్త. ఆయన 343 టాక్సీలకి వెనక అద్దం అడుగున మూడో బ్రేకు లైటు పెట్టించాడు. మరో 160 టాక్సీలని పోల్చి చూడటానికి అలాగే ఉంచాడు. పది నెలల తర్వాత లెక్క తీస్తే, మూడో దీపం ఉన్న టాక్సీలని వెనక నుంచి గుద్దిన ప్రమాదాలు 60.6 శాతం తక్కువ. డ్రైవర్లు మారలేదు, బ్రేకులు మారలేదు. చూపు ఎత్తుకి ఒక చిన్న దీపం, దానికొక వైరు, అంతే.

తర్వాత మరిన్ని పరీక్షలు జరిగాయి. 1986 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకీ ఆ మూడో దీపం తప్పనిసరైంది. అయితే దేశమంతటా వచ్చాక ఫలితం అంత గొప్పగా నిలవలేదు. అక్కడి రహదారి భద్రతా సంస్థ 1998లో తేల్చిన లెక్క ప్రకారం 1987లో తగ్గుదల 8.5 శాతం, 1989 నుంచి 1995 మధ్య 4.3 శాతం. దీపం కొత్తగా ఉన్నన్నాళ్ళు కళ్ళు దాని మీదకి పోయాయి, అందరికీ వచ్చాక అలవాటయింది. 4.3 శాతం అయినా లక్షల ప్రమాదాల మీద లెక్కవేస్తే చాలా పెద్ద సంగతి. ఒక దీపానికయ్యే ఖర్చుకి అంత ఫలితం ఇచ్చిన పరికరాలు కారులో ఎక్కువ లేవు.

ఇప్పుడు మార్కెట్లో దొరికే టపటపా కొట్టుకునే బ్రేకు లైట్లని చూసినప్పుడల్లా నాకు ఆ లెక్కే గుర్తొస్తుంది. కొత్తదనంతో కొన్న మేలు త్వరగా ఆవిరైపోతుంది. పైగా రాత్రి ట్రాఫిక్‌లో పది నిమిషాలు అలాంటి బండి వెనక నిలబడ్డవాడి కళ్ళు అలిసిపోతాయి. బ్రేకు లైటు నొక్కగానే రావాలి, కాలు తీసేదాకా నిలకడగా ఉండాలి. మన దగ్గర పాత హ్యాచ్‌బ్యాక్‌ల కింది వేరియంట్లలో చాలాకాలం ఆ మూడో దీపం ఉండేది కాదు. అలాంటి బండి మీ ఇంట్లో ఉంటే, రంగుల టెయిల్ లైట్ల కంటే ముందు వేయించాల్సింది అది.

ఎల్‌ఈడీ ఇచ్చేది, తీసుకునేది

కంటికి కనిపించే ఎర్ర ఎల్‌ఈడీని నిక్ హోలోన్యాక్ 1962లో జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో తయారుచేశాడు. కార్ల వెనక భాగానికి అది చేరడానికి దశాబ్దాలు పట్టింది. వచ్చాక తెచ్చిన అసలు లాభం వేగం. ఫిలమెంటు వేడెక్కి పూర్తి కాంతికి రావడానికి సెకనులో అయిదో వంతు పడుతుంది. ఎల్‌ఈడీకి ఆ ఆలస్యం లేదు. గంటకి 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనులో అయిదో వంతులో అయిదున్నర మీటర్లు కదులుతుంది, అంటే ఒక స్విఫ్ట్ పొడవు కంటే ఎక్కువ. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి మీద ఆ అయిదున్నర మీటర్లు ప్రాణాలు కాపాడగల దూరం.

కానీ పాత గూట్లో బల్బు తీసేసి ఎల్‌ఈడీ బల్బు దూర్చితే ఆ లాభమంతా వస్తుందనుకోకూడదు. వెనక గూట్లో ఉన్న వెండిపూత అద్దాన్ని ఫిలమెంటు ఎక్కడుంటుందో చూసుకుని మలుస్తారు. ఎల్‌ఈడీ బల్బులో చిప్పులు వేరే చోట ఉంటాయి, కాంతిని వేరే దిక్కులకి చిమ్ముతాయి. నేరుగా వెనక నిలబడితే కళ్ళు చెదురుతాయి, కాస్త పక్క లేనులో ఉన్న బైకు మనిషికి చీకటిగా ఉంటుంది. రంగులోనూ చిక్కుంది. తెల్ల ఎల్‌ఈడీ అంటే లోపల నీలం చిప్పు, పైన పసుపు పూత. అందులో ఎరుపు పాలు చాలా తక్కువ. ఎర్ర అద్దం వెనక తెల్ల ఎల్‌ఈడీ పెడితే అద్దం చాలా వెలుగుని మింగేసి, మిగిలినదాన్ని గులాబీ రంగుగా బయటికి పంపుతుంది. ఎర్ర అద్దానికి ఎర్ర ఎల్‌ఈడీనే పెట్టాలి, కాషాయం రంగు ఇండికేటర్‌కి కాషాయమే. మొత్తం దీపాన్నే మార్చడం బల్బు మార్చడం కంటే ఎప్పుడూ నయం. అక్కడ అద్దం, చిప్పులు, గూడు ఒకదాని కోసం ఒకటి చేసినవి.

ఏ దీపం మంచిదో పెట్టె మీద బొమ్మ చెప్పదు, అద్దం మీద అచ్చయిన అక్షరాలు చెబుతాయి. వలయంలో 'ఈ' అక్షరం, పక్కన ఆమోదం ఇచ్చిన దేశపు అంకె, ఆపైన పొట్టి గుర్తులు. 'ఆర్' అంటే టెయిల్, 'ఎస్' అంటే బ్రేకు, '2ఏ' అంటే వెనక ఇండికేటర్, 'ఏఆర్' అంటే రివర్స్. 'ఐఏ' అని ఉంటే అందులో రిఫ్లెక్టర్ ఉన్నట్టు.

ఈ చివరిదాన్ని వెతకండి. కంపెనీ దీపంలో తేనెపట్టులా గళ్ళుగళ్ళుగా ఒక ఎర్ర ముక్క ఉంటుంది. దానికి వైరు లేదు, కరెంటు అక్కర్లేదు. వెనకొచ్చే బండి హెడ్‌లైటు కాంతినే తిరిగి ఆ బండి వైపే పంపుతుంది. కొత్త దీపాల తయారీదారుల్లో కొందరు అందం చెడుతుందని దీన్ని ఎగరగొట్టేస్తారు. బ్యాటరీ చచ్చి రాత్రి రోడ్డు పక్కన ఆగిపోయిన కారుకి ఉన్న ఒకే ఒక రక్షణ అది. దీపాలు లేక, రిఫ్లెక్టర్లు మట్టికొట్టుకుపోయి హైవే మీద ఆగిన లారీల వెనక ఎన్ని కుటుంబాలు చితికిపోయాయో జిల్లా పేజీలు చదివే ప్రతివాళ్ళకీ తెలుసు. కొన్న దీపంలో రిఫ్లెక్టర్ లేకపోతే బంపర్ మీద విడిగా పెట్టించండి. ఇక దీపాల మీద నల్ల ఫిల్మ్ అంటించడం గురించి నాకున్నది ఒకే అభిప్రాయం. అంటించి ఉంటే ఇవాళే పీకేయండి.

వైరు దగ్గరికి

బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ 10 నంబరు స్పానర్‌తో విప్పి పక్కన పెట్టాకే పని మొదలవ్వాలి. చాలా హ్యాచ్‌బ్యాక్‌లలో డిక్కీ తెరిస్తే దీపం అంచున రెండు బోల్టులు కనిపిస్తాయి. అవి తీశాక దీపాన్ని పక్కకి తిప్పకుండా నిటారుగా వెనక్కి లాగాలి. బయటి అంచున ప్లాస్టిక్ పుల్ల బాడీలోని రంధ్రంలో ఇరుక్కుని ఉంటుంది, అడ్డంగా పెరికితే విరుగుతుంది. లోపల ఒక కప్లర్, దాని నాలుక నొక్కి లాగితే ఊడివస్తుంది.

కొత్త దీపం అదే కప్లర్‌తో వస్తే అదృష్టం. రాకపోతే ఏ వైరు ఏదో కనుక్కోవాలి. ఇక్కడ ఒక్కో కంపెనీకి ఒక్కో రంగుల వరస. ఒక కారులో బ్రేకుకి వాడిన రంగు ఇంకో కారులో ఇండికేటర్‌కి ఉండొచ్చు. రంగు చూసి నమ్మేవాళ్ళు తొందరగా పని ముగిస్తారు, ఆ తర్వాత చాలాసేపు తప్పు వెతుకుతారు. బ్యాటరీ మళ్ళీ తగిలించి, మల్టీమీటర్ నల్ల తీగ శుభ్రమైన రేకుకి ఆనించి, ఎర్ర తీగతో కప్లర్‌లో ఒక్కొక్క పిన్ను చూడాలి. పార్కింగ్ లైటు వేస్తే 12 వోల్టులు వచ్చేది టెయిల్. ఒకరు బ్రేకు నొక్కితే వచ్చేది బ్రేకు. వచ్చి పోతూ ఉండేది ఇండికేటర్. తాళం ఆన్ చేసి రివర్స్ గేర్ వేస్తే వచ్చేది రివర్స్. ఏం చేసినా ఏమీ రాని పిన్ను ఎర్త్ కావచ్చు. మీటర్ ఓమ్స్ మీద పెట్టి రేకుతో కలిసి ఉందో లేదో చూస్తే తేలిపోతుంది. కనుక్కున్నవన్నీ కాగితం మీద రాసుకోవాలి. కంప్యూటర్ కంట్రోల్ ఉన్న కొత్త కార్లలో బల్బు ఉన్న టెస్ట్ ల్యాంపు వద్దు, అది లాగే కరెంటుకి లోపలి మాడ్యూల్ దెబ్బతినొచ్చు. మీటరే వాడాలి.

జాయింటు విషయంలో మన షాపుల్లో పాత అలవాటు, వైరు పైతొడుగు పళ్ళతో పీకి, రెండు కొసలూ మెలిపెట్టి, నల్ల టేపు చుట్టేయడం. రెండు ఎండాకాలాలకి టేపు జిగురు కారిపోతుంది, ఒక వానాకాలానికి రాగి ఆకుపచ్చగా మారుతుంది. పాత వైరు మీద నొక్కి గిచ్చే ప్లాస్టిక్ క్లిప్పులూ అంతే. లోపలి బ్లేడు రాగి పోగుల్లో కొన్నిటిని తెంపుతుంది, తెగినచోట నీరు చేరుతుంది. సోల్డరింగ్ గట్టిదని చాలామంది నమ్మకం. కారు మాత్రం నిత్యం అదిరే వస్తువు. సీసం పాకినంత మేరా వైరు కడ్డీలా బిగుసుకుపోతుంది, అది ఆగినచోట అదురుకి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. సరైన కొలత లగ్గుని సరైన ప్లయర్‌తో నొక్కి బిగించి, లోపల జిగురున్న స్లీవు తొడిగి వేడిచేస్తే ఆ జాయింటు కారు కంటే ఎక్కువకాలం ఉంటుంది. ఇంకా మంచి దారి, కారు కప్లర్‌కి సరిపోయే జత కప్లర్ కొని, కొత్త దీపం వైర్లని దానికి బిగించడం. అప్పుడు కంపెనీ వైరు మీద కత్తి పడదు. నచ్చకపోతే పాత దీపం పది నిమిషాల్లో తిరిగి పెట్టుకోవచ్చు.

రివర్స్ కెమెరాకో, అదనపు ఫాగ్ లైటుకో బ్యాటరీ నుంచి విడిగా వైరు లాగితే ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. ఫ్యూజు కాపాడేది వైరుని. దీపం దగ్గర ఫ్యూజు పెట్టి, నాలుగు మీటర్ల వైరుని కార్పెట్ కింద దిక్కులేకుండా వదిలేస్తే, ఎక్కడో సీటు రైలు కింద నలిగినప్పుడు దాన్ని ఆపేవాళ్ళుండరు. రేకు రంధ్రంలోంచి వైరు దాటే ప్రతిచోటా రబ్బరు గ్రామెట్ ఉండాలి.

ఎర్త్

ఆటో ఎలక్ట్రీషియన్లతో కాసేపు కూర్చుంటే తెలుస్తుంది, వెనక దీపాల ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం చివరికి ఒకే చోట తేలతాయని. ఎర్త్. కారులో కరెంటు బ్యాటరీ పాజిటివ్ నుంచి వైరు మీద దీపానికి వస్తుంది. తిరిగి వెళ్ళడానికి విడిగా వైరు ఉండదు, బండి రేకే దారి. దీపం నుంచి ఒక పొట్టి వైరు, దాని కొసన వలయం లగ్గు, రేకుకి ఒక బోల్టు. టెయిల్, బ్రేకు, ఇండికేటర్, రివర్స్ నాలుగూ ఆ ఒక్క బోల్టు మీదే తిరిగి వెళ్తాయి. దాని కింద పెయింటో తుప్పో చేరిందా, వింతలు మొదలవుతాయి.

బ్రేకు నొక్కితే ఇండికేటర్ గుడ్డిగా వెలుగుతుంది. ఇండికేటర్ వేస్తే టెయిల్ లైటు లయగా ఊపిరి తీస్తుంది. పగలు బ్రేకు నొక్కితే డాష్‌బోర్డు దీపాలు మినుకుమంటాయి. యజమాని స్విచ్చులు మారుస్తాడు, బల్బులు మారుస్తాడు, కొత్త దీపం నాసిరకమని దుకాణదారుతో గొడవపడతాడు. జరిగింది ఇంతే. తూము పూడుకుపోతే నీరు పక్క మడిలోకి గండికొట్టుకుని పోతుంది, కరెంటూ అలాగే పోయింది. 21 వాట్ల బ్రేకు ఫిలమెంటు దాటి వచ్చిన కరెంటుకి రేకులోకి దారి దొరక్క, అదే బల్బులోని 5 వాట్ల ఫిలమెంటులోకి ఎదురు నడిచి, టెయిల్ వైరు పట్టుకుని వెనక్కి పోయి, నంబరు ప్లేటు దీపం, అవతలి పక్క టెయిల్ లైటు, డాష్‌బోర్డు వెలుగు, ఎక్కడ ఎర్త్ బాగుంటే అక్కడ రేకులోకి దిగింది. దారిలో ఉన్న దీపాలన్నీ తలా కాస్తా వెలిగాయి. ఏదీ పూర్తిగా వెలగలేదు.

ఎల్‌ఈడీకి మారాక ఈ వింతలు తగ్గుతాయి, జబ్బు మాత్రం పోదు. ఎల్‌ఈడీ ఎదురు కరెంటుని పోనివ్వదు కాబట్టి గుర్తు పట్టడానికి ఉన్న ఆనవాళ్ళు కూడా పోతాయి. దీపం కొంచెం మసకగా ఉంటుంది, అంతే. బల్బుల్లో అయితే ఆ కొంచెం కూడా కొంచెం కాదు. ఫిలమెంటుకి అందే వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు పది శాతం తగ్గి ఊరుకోదు, దాదాపు ముప్పై శాతం పడిపోతుంది. 12 వోల్టుల్లో ఒకటింబావు వోల్టు తుప్పు మింగేస్తే, మూడో వంతు బ్రేకు లైటు పోయినట్టు.

మందు తేలిక. బోల్టు విప్పి, లగ్గు కింద రేకుని ఎమెరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, పళ్ళున్న వాషర్ వేసి బిగించి, పైన కాస్త గ్రీజు రాయాలి. తర్వాత దీపం వెలుగుతుండగా మీటర్ ఒక తీగ దీపం ఎర్త్ పిన్ను మీద, రెండోది బ్యాటరీ నెగటివ్ మీద పెట్టి చూడాలి. 0.1, 0.2 వోల్టులు చూపిస్తే బాగున్నట్టు. అర వోల్టు దాటితే ఇంకా ఎక్కడో తుప్పుంది. ఈ ఒక్క కొలత తీసే మెకానిక్ దొరికితే అతని ఫోన్ నంబరు దాచుకోండి. బయటి దీపాలు వేయించుకునేటప్పుడు ఎర్త్ వైరుని దొరికిన స్క్రూ కింద దోపేవాళ్ళున్నారు. ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూ కింద దోపేసి, పక్క దీపం దారిన వెలుగు వస్తుంటే సరిపోయిందనుకునేవాళ్ళూ ఉన్నారు.

టకటకా కొట్టుకునే ఇండికేటర్

ఎల్‌ఈడీ పెట్టగానే ఇండికేటర్ రెట్టింపు వేగంతో కొట్టుకుంటుంది. మామూలుగా నిమిషానికి 60 నుంచి 120 సార్లు వెలిగి ఆరాలి. చాలా కార్లలో ఫ్లాషర్ తన గుండా పోయే కరెంటుని గమనిస్తూ ఉంటుంది. 21 వాట్ల బల్బు ఒకటి మాడిపోతే కరెంటు తగ్గుతుంది, ఫ్లాషర్ వేగం పెంచి డ్రైవర్‌కి ఆ సంగతి చెబుతుంది. ఎల్‌ఈడీ వాడేదే కొద్ది వాట్లు కాబట్టి, బల్బు పోయిందనుకుని అది అదే కబురు పంపుతుంది.

షాపులో దీనికి వేసేది లోడ్ రెసిస్టర్. 6 ఓమ్స్, 50 వాట్లు, బంగారు రంగు రేకు ముక్కలా ఉంటుంది. ఇంజను నడుస్తున్నప్పుడు 13.5 వోల్టుల దగ్గర అది రెండుంపావు ఆంపియర్లు లాగి, 30 వాట్ల వేడిగా మారుస్తుంది. హజార్డ్ లైట్లు వేసుకుని వానలో అరగంట నిలబడితే చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. దాన్ని డిక్కీ ప్లాస్టిక్‌కో, వైర్ల కట్టకో టేపుతో చుట్టేసిన బళ్ళలో ప్లాస్టిక్ కరిగిన మచ్చలు కనిపిస్తాయి. బిగించక తప్పకపోతే రేకుకే బిగించాలి.

నా అభ్యంతరం వేడి ఒక్కటే కాదు. వెనక దీపం పోయిందని యజమానికి కబురు చేరే దారి చాలా కార్లలో ఇదొక్కటే. రెసిస్టర్ ఆ దారిని మూసేస్తుంది. రేపు ఎల్‌ఈడీ చచ్చినా రెసిస్టర్ కరెంటు లాగుతూనే ఉంటుంది, డాష్‌బోర్డు మీద బాణం గుర్తు తాపీగా కొట్టుకుంటూనే ఉంటుంది, బయట చీకటి. ఎల్‌ఈడీకి సరిపోయే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ రిలేలోనూ ఈ లోపం ఉంది కానీ వేడి లేదు. అందుకని విడి ఫ్లాషర్ ఉన్న పాత కార్లకి అదే మేలు. ఇండికేటర్ మాత్రం పాత 21 వాట్ల కాషాయం బల్బుతోనే ఉంచి, టెయిల్, బ్రేకు వరకు ఎల్‌ఈడీ చేసుకోవడం నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి. వేగం కావాల్సింది బ్రేకుకి, ఇండికేటర్‌కి కాదు.

పాకే ఇండికేటర్ కొత్త ముచ్చటేమీ కాదు. ఫోర్డ్ థండర్‌బర్డ్ 1965 మోడల్‌లోనే పక్కకి మూడేసి బల్బులు ఒకదాని తర్వాత ఒకటి వెలిగేవి. ఎలక్ట్రానిక్స్ లేని రోజులు, డిక్కీలో ఒక చిన్న మోటార్ తిరుగుతూ స్విచ్చులు నొక్కేది. వేయించుకుంటే వెలుగు లోపలి నుంచి బయటికి, తిరగబోయే వైపుకి పాకేలా చూసుకోవాలి. కుడి, ఎడమ దీపాలు మారిపోతే బాణం ఎదురు దిక్కు చూపిస్తుంది. అమెరికా మార్కెట్ కోసం చేసిన కొన్ని దీపాల్లో ఇండికేటర్ కూడా ఎర్రగా ఉంటుంది. మన నిబంధనల ప్రకారం కాషాయమే ఉండాలి.

కొత్త కార్లలో ఇంకో చిక్కు. దీపాలు ఆపి ఉన్నప్పుడు కూడా లోపలి కంప్యూటర్ అప్పుడప్పుడూ సన్నటి కరెంటు పంపి బల్బు ఉందా లేదా అని చూసుకుంటుంది. ఫిలమెంటుకి అది ఏ మూలకీ చాలదు, ఎల్‌ఈడీ మాత్రం మిణుకుమంటుంది. కొన్ని కార్లు ఒకే ఫిలమెంటుకి కరెంటుని వేగంగా ఆపి వదులుతూ టెయిల్ వెలుగుగా, ఆపకుండా ఇచ్చి బ్రేకు వెలుగుగా వాడుకుంటాయి. వీటికి దుకాణాల్లో క్యాన్‌బస్ డీకోడర్ పేరుతో డబ్బా అమ్ముతారు, అది కొన్నిటికి కుదురుతుంది, కొన్నిటికి కుదరదు. మీ మోడల్‌కే చేసిన దీపం కొనండి, పని చేయకపోతే తిరిగి తీసుకుంటానని బిల్లు మీద రాయించుకోండి.

నీరు, చట్టం

పాత దీపం రబ్బరు గాస్కెట్ కొత్తదానికి సరిపడదు. కొత్తదానితో వచ్చినది పలచగా ఉంటే సాగే నల్ల బ్యుటైల్ జిగురు పట్టీ వేయాలి. బోల్టులు రెండూ కొంచెం కొంచెంగా, మార్చి మార్చి బిగించాలి. బిగించాక పైపుతో దీపం చుట్టూ నీరు కొట్టి, డిక్కీ లోపల కార్పెట్ ఎత్తి చూడాలి. దీపం వెనక సన్నటి గొట్టమో రంధ్రమో ఉంటే అది గాలి ఆడటానికి పెట్టింది, సిలికాన్‌తో మూసేయకూడదు. మూస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక ఎల్‌ఈడీ బోర్డుని తినేస్తుంది.

చట్టం మాట. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, తయారీదారు నిర్దేశించిన వివరాలకి విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదంటుంది. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఇదే మాటని గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. వెనక వైపు ఎరుపు తప్ప వేరే వెలుగు చూపకూడదన్న నియమమూ ఉంది. రివర్స్, ఇండికేటర్, నంబరు ప్లేటు దీపాల వంటి కొన్నిటికి మినహాయింపు. నీలం గీతలు, తెల్ల టెయిల్ లైట్లు, రంగులు మారే పట్టీలు నేరుగా దీని కిందకొస్తాయి. వారంటీ ఉన్న కారులో వైరు కోస్తే ఆ వైరింగ్ మీద కంపెనీ చేతులెత్తేయొచ్చు. కంపెనీవాళ్ళే అదే మోడల్ పై వేరియంట్‌కి వాడే ఎల్‌ఈడీ దీపాన్ని కింది వేరియంట్‌కి వేయించుకోవడం ఈ గొడవల్లో చాలావాటిని తప్పిస్తుంది. ఖరీదు ఎక్కువే, అయినా రిఫ్లెక్టర్, అయిదు రెట్ల తేడా, గాస్కెట్ అన్నీ అందులో ముందే ఉంటాయి.

పని అయ్యాక డబ్బులిచ్చే ముందు మెకానిక్‌ని సీట్లో కూర్చోబెట్టి మీరు వెనక నిలబడండి. వరస ఇది. టెయిల్ ఒక్కటే. టెయిల్ వెలుగుతుండగా బ్రేకు. బ్రేకు నొక్కి ఉంచి కుడి ఇండికేటర్, తర్వాత ఎడమ. బ్రేకు, హజార్డ్ కలిపి. రివర్స్. చివరగా అన్నీ ఆపించి, ఫోన్ టార్చి కంటి పక్కనే పట్టుకుని రిఫ్లెక్టర్ మీద వేసి చూడండి. నంబరు ప్లేటు దీపం కూడా మరిచిపోకండి, పని మధ్యలో ఎక్కువసార్లు ఊడేది దాని హోల్డరే. ఒకటి వేసినప్పుడు ఇంకొకటి ఏ కొంచెం కదిలినా, మసకబారినా, బండి కదిలించకుండా ఎర్త్ బోల్టు మళ్ళీ విప్పించండి. పాత దీపాల జతని దుకాణంలో వదిలిరావద్దు. పాత గుడ్డలో చుట్టి ఇంట్లో అటక మీద పెట్టుకుంటే, ఫిట్‌నెస్ పరీక్షకో, బండి అమ్మేటప్పుడో, కొత్తది ఓ అర్ధరాత్రి మొండికేసినప్పుడో పనికొస్తాయి.